మైక్ సెట్ వాడి చెవితో పోలార్‌జాజ్

పాట వినడానికే వెళ్లేవాళ్లయితే, ధ్రువం దగ్గరి నార్వే దీవుల్లో చలికాలంలో జరిగే జాజ్ సంగీత పండగ పోలార్‌జాజ్ పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. ఆకాశంలో ఉత్తరపు వెలుగులు చూసి, ఫొటోలు దిగి, మిగిలిన పూట ఏదో ఒక పాట విని వద్దామనుకునేవాళ్లు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. వాళ్లకు వేరే ఊరు ఉంది, ఆ సంగతి కింద చెప్తాను.

నాది కావలి. ముప్పై ఏళ్లకు పైగా మైక్ సెట్, లైటింగ్ పని. పెళ్లిళ్లు, హరికథలు, కొండబిట్రగుంట బ్రహ్మోత్సవాలు, ధనుర్మాసంలో తిరుప్పావై, ఎలక్షన్ మీటింగులు, అన్నిటికీ మా స్పీకర్ పెట్టెలు వెళ్లాయి. అమ్మాయి, అల్లుడు ఓస్లోలో ఉద్యోగాలు చేస్తున్నారు. మనవణ్ణి చూడ్డానికి చలికాలంలో వెళ్తే, "నాన్నా, నీకు నచ్చే చోటుకు తీసుకెళ్తా రా" అని అమ్మాయి టికెట్లు తీసింది. అంతకన్నా చలి ఊరు అనగానే మా ఆవిడ మనవడి దగ్గర ఉండిపోయింది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఒక సౌండ్ మనిషి చెవికి తగిలిన సంగతులు. జాజ్‌లో ఏ బాణీ ఎక్కడ పుట్టిందో నేను చెప్పలేను. ఏ వాయిద్యం ఆ హాల్లో ఎలా పలికింది, చివరి వరసలో కూర్చున్నవాడికి ఏం అందింది అన్నది మాత్రం గట్టిగా చెప్పగలను.

ముందు ఊరు. లాంగ్‌ఇయర్‌బైన్ స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉంది. నార్వే వాళ్లదే, కానీ ప్రధాన భూభాగం దాటి సముద్రంలో ఇంకా ఉత్తరానికి పోవాలి. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మన కావలి 15 డిగ్రీల దగ్గర. లాంగ్‌ఇయర్‌బైన్ నుంచి ఉత్తర ధ్రువం దాదాపు 1,300 కిలోమీటర్లు, ఓస్లో దాదాపు 2,000. అంటే ఓస్లో కన్నా ధ్రువమే దగ్గర. జనాభా సుమారు 2,500, మన వైపు ఒక మోస్తరు పంచాయతీ అంత. 1906లో లాంగ్‌ఇయర్ అనే అమెరికన్ బొగ్గు తవ్వకానికి మొదలుపెట్టిన ఊరు అది. అంత చిన్న ఊళ్లో 1998లో ఈ జాజ్ పండగ మొదలైంది. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో జరుగుతుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన జరిగే జాజ్ పండగ తమదేనని వాళ్లు చెప్పుకుంటారు. పేరుకు జాజ్ అయినా బ్లూస్, రాక్, నార్వే జనం పాడుకునే మామూలు పాటలు కూడా ఉంటాయి. జాజ్ అంటే భయపడేవాళ్లు ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

ఆ నెలల్లో అక్కడ సూర్యుడు రాడు. అక్టోబర్ చివర్లో కిందికి దిగిపోయినవాడు ఫిబ్రవరి మధ్య దాకా దిగ్మండలం పైకి ఎక్కడు. ఎక్కాక కూడా చుట్టూ కొండలు అడ్డం. ఊళ్లో నేల మీద ఎండ పడేది మార్చి 8 ప్రాంతంలోనే. పాత ఆస్పత్రి మెట్ల మీద మొదటి ఎండ పడుతుందని ఊరంతా పిల్లాపాపలతో అక్కడ చేరి, వారం పాటు పండగ చేసుకుంటారు. పోలార్‌జాజ్ వచ్చేది దానికి నెల ముందు. మధ్యాహ్నం పూట ఆకాశం నీలంగా తేలి, కొండల అంచులు, మంచు కప్పిన ఇళ్ల కప్పులు కాస్త కనబడి, మళ్లీ చీకటి మూసేస్తుంది. ఆ పండగ ఎందుకు పెట్టుకున్నారో ఆ చీకట్లో తిరిగితేనే తెలుస్తుంది. నెలల తరబడి ఎండ మొహం చూడని మనుషులు ఒక చోట చేరి, ఒళ్లు వెచ్చబడేలా కూర్చుని పాట వింటారు. వాళ్ల వినికిడిలో ఒక ఆకలి ఉంది. నా వృత్తిలో అలాంటి సభ అరుదుగా దొరుకుతుంది. ఎప్పుడైనా ఊరి గుళ్లో త్యాగరాజ ఆరాధన నాడు పంచరత్నాలు ఎత్తుకున్నాక దొరుకుతుంది. ఆ ఆరాధన వచ్చే పుష్య బహుళ పంచమి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే కావడంతో, అక్కడ కూర్చుని మన వాళ్లు ఈపాటికి వేదిక కడుతూ ఉంటారని నాకు పదే పదే గుర్తొచ్చింది.

ప్రయాణం గురించి క్లుప్తంగా. ఓస్లో నుంచి నేరుగా విమానంలో మూడు గంటలు, ట్రామ్సో మీదుగా కూడా పోవచ్చు. స్వాల్‌బార్డ్‌లో దిగడానికి వీసా అడగరు. 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో చేరిన దేశాల వాళ్లకు అక్కడ సమాన హక్కులున్నాయి, నార్వే మాత్రం ఏ దేశం వాడినైనా వీసా లేకుండా ఉండనిస్తుంది. ఆ ఒప్పందంలో మన దేశం కూడా ఉంది. అవే దీవుల్లో నీ-ఓలెసుండ్ అనే చోట మన శాస్త్రవేత్తల హిమాద్రి కేంద్రం 2008 నుంచి నడుస్తోంది. కానీ అక్కడికి చేరాలంటే నార్వే గుండానే పోవాలి, నార్వేకు షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. స్వాల్‌బార్డ్ షెంగెన్‌లో లేదు. అంటే అక్కడికి పోవడం షెంగెన్ దాటి బయటికి పోయినట్టే, తిరిగి రావడం మళ్లీ ప్రవేశించినట్టే. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసాతో వెళ్తే వెనక్కి రావడం కుదరదు. మా వీసా కాగితాలు చూసిన ఏజెంట్ ఈ సంగతి నోరెత్తి చెప్పలేదు. అమ్మాయి చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే వీసానే అడగండి. గాలి ఎక్కువైతే విమానాలు ఆగిపోతాయి, అందుకని వెనక్కొచ్చే ప్రయాణానికి ఒకటి రెండు రోజులు వెసులుబాటు పెట్టుకోండి.

ఇక అసలు విషయం, సౌండ్.

ముఖ్యమైన కచేరీలు ఊరి మధ్యలో ఉన్న కల్చర్ హౌస్‌లో. వాళ్లు కుల్తూర్‌హుసెట్ అంటారు. మనం టౌన్ హాల్ అంటామే అలాంటిది, ఊరందరిదీ. లోపలికి అడుగు పెట్టగానే నా కళ్లు స్పీకర్ల కోసం వెతికాయి. మన దగ్గర అంత హాలుకు నిలువెత్తు పెట్టెలు రెండు వైపులా పేర్చకపోతే పని ఇచ్చిన పార్టీ ఊరుకోదు. "ఏంది, ఇంతేనా?" అంటారు. అక్కడ పెట్టెలు తక్కువ. వాటిని జనం చెవుల వైపు సరిగ్గా వంచి బిగించారు. డ్రమ్స్ శబ్దం చాలావరకు డ్రమ్స్ నుంచే వస్తోంది, స్పీకర్లలోంచి కాదు. మైకు చేసేదల్లా చిన్న సాయం. సాక్సఫోన్ వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వెనక వరసకు వినపడింది. వాల్యూమ్ పెంచి వినిపించడం ఎవరైనా చేయగలరు. పెంచకుండా ఊపిరి వినిపించాలంటే ముందు హాలు నిశ్శబ్దంగా ఉండాలి, తర్వాత మైకుల శబ్దాలు కలిపి సర్దే మిక్సర్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఓర్పు ఉండాలి.

ఆ మిక్సర్ దగ్గర కూర్చున్నది ఒక ఆవిడ. నలభై ఏళ్లుంటాయేమో. మధ్యాహ్నం సౌండ్ చెక్ అయ్యాక అమ్మాయి వెళ్లి, మా నాన్న ఇండియాలో ఇదే పని చేస్తాడని చెప్పింది. ఆవిడ లేచి, పక్కన కుర్చీ చూపించింది. అప్పుడే బయటి నుంచి మంద్రంగా పలికే పెద్ద తీగ వాయిద్యం బేస్ ఉన్న పెట్టె వచ్చింది, మనిషంత ఎత్తు. నలుగురు మోసుకొచ్చి గోడ వారన నిలబెట్టారు. తెరవలేదు. వాయించాల్సిన కుర్రాడు దాని పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. పెట్టె పైన సన్నగా నూగు మంచు పట్టింది, అది కరిగి చుక్కలుగా కారుతోంది. ఆవిడ ఒక పాత టవల్ తెచ్చి అంచుల వెంట, తాళాల సందుల్లో తడి తుడుస్తూ పోయింది. తుడిచినా ఇంకా తెరవలేదు. చాలాసేపటికి పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసి, గది వేడికి వచ్చిందని నమ్మకం కలిగాక, ఒక్క తాళం తీసి మూత కాస్త ఎత్తి వదిలింది. పూర్తిగా తెరవడానికి ఇంకా టైం పట్టింది. చల్లటి వస్తువు వేడి గదిలోకి రాగానే గాలిలోని తేమ దాని మీద నీళ్లుగా కూర్చుంటుంది. పెట్టె మూసి ఉంటే ఆ నీళ్లు పెట్టె మీద పడతాయి, తెరిస్తే వాయిద్యం మీద, మైకుల్లో, మిక్సర్ సర్క్యూట్‌లో పడతాయి. మనకు ఏసీ కారులోంచి దిగితే కళ్లద్దాలు మసకబారతాయి చూడండి, అదే సంగతి, కాకపోతే అక్కడ తేడా నలభై డిగ్రీలు.

తేమ గురించి ఆవిడ చెప్పిన మాట నాకు బాగా పట్టింది. మైనస్ ఇరవైలో ఉన్న గాలిలో తేమ ఉండేదే చుక్క. ఆ గాలినే లోపలికి తీసుకుని వేడి చేస్తే హాల్లో తేమ పది శాతం లోపుకు పడిపోగలదు. సముద్రం పక్కన ఉండే మనకు డెబ్బై, ఎనభై శాతం మామూలు. మన దగ్గర తేమకు మైకులు తుప్పు పడతాయి, మృదంగం సాగి శ్రుతి దిగుతుంది. అక్కడ చెక్క ఎండి పగులుతుంది, అతుకులు విడిపోతాయి. అందుకే వాయిద్యాల పెట్టెల్లో తడి పట్టి ఉంచే చిన్న సంచులు వేస్తారు. మనం కెమెరా పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు వేస్తాం, వాళ్లు సరిగ్గా తిరగేసి తేమ ఇచ్చేవి వేస్తారు. ఇది చూసి నాకు చాలా సంతోషం వేసింది. పని ఒకటే, ఊరి గాలిని బట్టి చెయ్యి మారుతుంది.

చలికి శ్రుతి కూడా మారుతుంది. గాలి చల్లబడితే శబ్దం నెమ్మదిస్తుంది. కావలిలో 30 డిగ్రీల దగ్గర సెకనుకు 349 మీటర్లు పోయే శబ్దం, మైనస్ 20లో 319 మీటర్లే పోతుంది. వేణువు లాంటి గొట్టంలో గాలి అంతా అంత చల్లబడితే దాదాపు ఒకటిన్నర స్వరస్థానం కిందికి దిగిపోతుంది. వాయించేవాడి ఊపిరి వెచ్చగా ఉంటుంది కాబట్టి అంత దిగదు గానీ, బయట నిలబడి వాయిస్తే మాత్రం తేడా తెలుస్తుంది. తీగ వాయిద్యం సంగతి వేరు. ఉక్కు తీగ చలికి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి పోతుంది. అంటే ఊదేవాడు కిందికి, మీటేవాడు పైకి! ఆరుబయట ఇద్దరినీ కలిపి వాయించమంటే ఎంత కష్టమో చూడండి. అందుకే కచేరీలన్నీ లోపలే.

పై సంగతి పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇప్పుడు చెప్పబోయేది అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. రాత్రి కచేరీ అయ్యాక గాలి లేని వేళ బయటికి వచ్చాం. ఊరు ఒక లోయలో ఉంటుంది, రెండు వైపులా నిటారు కొండలు. ఎక్కడో లోయ పై చివర మంచు స్కూటర్ ఒకటి స్టార్ట్ అయింది. చెవి పక్కన స్టార్ట్ చేసినంత స్పష్టం. "దగ్గరికొస్తోంది, పక్కకు జరుగు నాన్నా" అంది అమ్మాయి. అది ఎంతకీ రాలేదు. ఇది నాకు కొత్త కాదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మీద హారన్ పెడితే తిరుప్పావై రెండు ఊళ్ల అవతల పొలం గట్టు మీద వినపడుతుంది. అదే హారన్, అదే వాల్యూమ్, మధ్యాహ్నం ఊరి చివరకు కూడా సరిగా చేరదు. రాత్రంతా నేల చల్లబడి, నేలను ఆనుకుని చల్లగాలి, దాని పైన వెచ్చని గాలి పొరగా ఉంటాయి. పైకి పోవాల్సిన శబ్దం ఆ పొర దగ్గర వంగి మళ్లీ నేల మీదికి దిగుతుంది. మనకు ఎండ ఎక్కగానే ఆ పొర చెదిరిపోతుంది. అక్కడ చెదరగొట్టడానికి సూర్యుడే లేడు. గాలి లేకపోతే పగలూ రాత్రీ అదే స్థితి. ఊరి అంచున బండ్లు లాగే కుక్కలు ఒక్కసారి గొంతు ఎత్తితే లోయంతా వినపడేది. మళ్లీ ఇంటి గోడ చాటుకు, కొత్తగా పడిన మంచు మధ్యకు వెళ్లామా, మాట రెండడుగుల దూరం పోయేది కాదు. మెత్తటి మంచు శబ్దాన్ని పీల్చేస్తుంది. ఒకే ఊళ్లో ఈ రెండూ.

చర్చిలో విన్న కచేరీ నాకు అన్నిటికన్నా నచ్చింది. పాత చర్చి యుద్ధంలో కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. కొండ వాలు మీద, చెక్కతో. లోపలికి చెప్పులు, బూట్లతో పోకూడదు. మన గుళ్లో లాగా గుమ్మం దగ్గరే విప్పాలి, కానీ కారణం వేరు. గనుల రోజుల్లో బూట్లకు బొగ్గు మసి అంటుకుని ఇల్లంతా నల్లగా అయ్యేదట, అందుకని గుమ్మంలోనే విప్పడం ఊరి అలవాటైంది. హోటళ్లలో, మ్యూజియంలో కూడా అంతే. ఉన్ని మేజోళ్లతో చెక్క నేల మీద కూర్చున్నాం. ఆ ఊళ్లో నేల లోతున ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడి తగిలితే పైపొర కరిగి కుంగుతుంది, అందుకని ఇళ్లను స్తంభాల మీద నిలబెడతారు. నీళ్ల పైపులు కూడా నేల పైనే పోతాయి. కింద ఎలా కట్టినా, నా కాళ్ల కింద ఉన్నది మాత్రం చెక్క. బేస్ తీగ లాగి వదిలినప్పుడల్లా ఆ స్వరం చెవికి చేరే లోపే అరికాలికి చేరినట్టుండేది. మైకు లేదు, పెట్టె లేదు. ఒక బేస్, ఒక గొంతు. ఆ గొంతు ఎక్కడా పైకి లేవలేదు. పాడుతున్నావిడ ఒక పాదం పక్కకు జరిపితే చెక్క కిర్రుమన్నది కూడా అందరికీ వినపడింది. పాట అయిపోయాక చప్పట్లు కొట్టడానికి ఎవరికీ తొందర లేదు. తీగ పూర్తిగా ఆగేదాకా ఆగారు. నా పని అవసరమే లేని చోట నేను అంత సుఖంగా కూర్చోవడం అదే.

నచ్చనిది కూడా చెప్పాలి. ఒక రాత్రి ఒక బార్‌లో రాక్ బ్యాండ్ ఒకటి వాయించింది. గది చిన్నది, పైకప్పు కిందికుంది, వాళ్లు పెట్టిన వాల్యూమ్ స్టేడియంలో పెట్టాల్సింది. మధ్యలో మాట అన్నది ఒక్కటీ అర్థం కాలేదు, తాళం మాత్రం దవడలో మోగింది. కుర్రకారు ఎగిరారు, ఆనందించారు, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ చెవికి ఒకసారి దెబ్బ తగిలితే తిరిగి రాదు. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు రోజూ చెప్పే మాటే ఇది. అలాంటి వాటికి వెళ్తే చెవిలో పెట్టుకునే దూదో, ప్లగ్గులో జేబులో ఉంచుకోండి. పాటగాళ్లు పాటకు పాటకు మధ్య చెప్పే కబుర్లు ఎక్కువగా నార్వేజియన్‌లోనే ఉన్నాయి. పక్కన అమ్మాయి ఉంది కాబట్టి నాకు కథ అందింది. జనం నవ్వినప్పుడు ఒంటరిగా వెళ్లినవాళ్లకు ఆ నవ్వు అందకపోవచ్చు.

కరెంటు గురించి ఒక మాట రాయకపోతే నా వృత్తి ఒప్పుకోదు. అక్కడ ఉన్నన్ని పూటలూ ఒక్క స్పీకర్‌లో కూడా హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత, వినలేదు. మన దగ్గర హమ్ వస్తే ముందు ఎర్త్ చూస్తాం. గుంట తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, బిందెడు నీళ్లు పోస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అక్కడ నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది, గడ్డకట్టిన మట్టిలో కరెంటు సరిగా పారదు. ఉప్పు నీళ్లు పోసే పని కాదు. అయినా అంత శుభ్రంగా ఉంచారంటే వైరింగ్ దగ్గరే ఎంత జాగ్రత్త పడి ఉంటారో అర్థం చేసుకోవచ్చు. ఆ ఊరికి కరెంటు ఇచ్చింది మొదటి నుంచీ అక్కడి బొగ్గే. 2023 అక్టోబర్‌లో బొగ్గు కేంద్రాన్ని ఆపి డీజిల్‌కు మారారు. ఊరి దగ్గర చివరిగా మిగిలిన 7వ నంబర్ గని 2025లో మూతపడింది. కొండ వాలు మీద పాత బొగ్గు తొట్లు మోసిన రోప్‌వే చెక్క స్తంభాలు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. బొగ్గు కోసం పుట్టిన ఊరు బొగ్గు లేకుండా ఎలా బతకాలో చూసుకుంటోంది. అలాంటి ఊరు పాటను వదలకుండా పట్టుకోవడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

తిండి, ఖర్చు. స్వాల్‌బార్డ్‌లో పన్నులు నార్వే కన్నా తక్కువ, కానీ ప్రతి వస్తువూ ఓడలోనో విమానంలోనో రావాలి. కాఫీ తాగితే దగ్గర దగ్గర నాలుగు వందలు అవుతుంది. మాంసం తినేవాళ్లకు అక్కడి రెయిన్‌డీర్, చేపలు ఉన్నాయి. ఊళ్లో థాయ్‌లాండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది, కాబట్టి అన్నం, కారం దొరక్క అల్లాడే పరిస్థితి రాదు. మా ఆవిడ కట్టిచ్చిన కరివేపాకు కారం, గోంగూర పచ్చడి ఎలాగూ ఉన్నాయి. గది విషయంలో మేం కాస్త ఇబ్బంది పడ్డాం. మాకు దొరికిన బసలో హీటర్ తగ్గించే వీలు లేక రాత్రిళ్లు గొంతు ఎండిపోయి దగ్గు పట్టింది. తడి టవల్ కుర్చీ మీద ఆరేసుకుని పడుకుంటే కాస్త నయం. పాడేవాళ్లు ఎవరైనా వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి. ఊరి హద్దు దాటి నడిచిపోవద్దు. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు, అక్కడివాళ్లే తుపాకీ లేకుండా అటు పోరు. పండగ జరిగేదంతా ఊరి లోపలే కాబట్టి మనకు ఆ అవసరం రాదు. బట్టల్లో ఒంటికి ఆనేది ఉన్నిదై ఉండాలి, నూలు చెమట పట్టి చల్లబడుతుంది. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి చార్జింగ్ చూస్తుండగానే దిగిపోతుంది.

ఉత్తరపు వెలుగులు ముఖ్యం అనుకునేవాళ్లకు వేరే ఊరు ఉందన్నాను కదా, అది ట్రామ్సో. ఆ ఊళ్లో కూడా దాదాపు అవే రోజుల్లో నూర్‌లీస్ ఫెస్టివల్ అని ఉత్తరపు వెలుగుల పేరుతోనే సంగీత పండగ జరుగుతుంది. శాస్త్రీయ సంగీతం ఎక్కువ. ట్రామ్సో పెద్ద ఊరు, హోటళ్లు ఎక్కువ, వీసా చిక్కు లేదు, వెలుగులు చూపించే టూర్లు రోజూ ఉంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే సుఖం. మంచు గడ్డతో వాయిద్యాలు చేసి వాయిస్తారట కదా అని కావలిలో చాలామంది నన్ను అడిగారు. అది వేరే పండగ. తెర్యే ఇసుంగ్‌సెట్ అనే నార్వే కళాకారుడు మొదలుపెట్టాడు, నార్వే ప్రధాన భూభాగంలో జరుగుతుంది. పోలార్‌జాజ్‌లో చూడబోయేవి మామూలు వాయిద్యాలే. కానీ వాటిని అంత చలిలో అంత శ్రుతిగా నిలబెట్టడం చూడాలి.

ఊరు చిన్నది, గదులు తక్కువ. చలికాలం వస్తుందనగా కాకుండా ఎండాకాలంలోనే గది, విమానం చూసుకోండి. హాల్లో మధ్య వరసలు, మిక్సర్‌కు కాస్త ముందు కూర్చుంటే సౌండ్ వేసేవాళ్లు విన్నదే మీకూ వినపడుతుంది. చర్చిలో ఏదైనా ఉందంటే మిగతావి వదిలేసైనా వెళ్లండి.

వచ్చాక నెల్లూరులో తెలిసిన మృదంగం మాస్టారు ఒకరు, ఎప్పుడైనా అలాంటి చోటికి పిలిస్తే వాయిద్యం ఎలా తీసుకెళ్లాలి అని అడిగారు. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. గట్టి పెట్టె, లోపల మెత్త, తడి ఇచ్చే సంచి. హాలుకు చేరాక గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు. ఎండిన గాలికి చర్మం బిగిసి శ్రుతి పైకి లాగుతుంది, కుడివైపు నల్లటి పూత పగలొచ్చు, కాబట్టి రెండో మృదంగం కూడా ఉండాలి. ఎడమవైపు పెట్టే రవ్వ ముద్ద మన దగ్గర కచేరీ అంతా ఆగుతుంది. అక్కడ గంట కూడా నిలవదేమో. పక్కన చిన్న గిన్నెలో తడి రవ్వ, దాని మీద తడి గుడ్డ కప్పి ఉంచుకోమన్నాను.